కొత్త ఐస్ హాకీ స్కేట్స్ వేస్తే కాళ్ళ నొప్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సస్‌లో డల్లాస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో, మెకినీ వైపు ఐస్ రింకుల్లో ఇప్పుడు మన తెలుగు పిల్లలు బాగానే కనిపిస్తున్నారు, డల్లాస్ స్టార్స్ హాకీ టీమ్ ప్రాక్టీస్ చేసే రింక్ ఫ్రిస్కోలోనే ఉంది కదా, ఒక్కసారి చూడ్డానికి తీసుకెళ్తే చాలు వాడు ఇంటికొచ్చి నేనూ ఆడతా అంటాడు. పిల్లల్ని దింపడానికి వెళ్ళిన నాన్నలు, అమ్మలు కూడా కొంతమంది పెద్దవాళ్ళ లీగుల్లో చేరుతున్నారు. అందరూ మొదట అడిగేది స్కేటింగ్ గురించీ కాదు, స్టిక్ గురించీ కాదు, "అన్నా, ఈ బూట్లు వేస్తే కాళ్ళు చచ్చిపోతున్నాయి, ఏం చెయ్యాలి" అనే. లాకర్ రూమ్‌లో మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలన్నీ ఒక చోట పెడుతున్నా. మీరు టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో ఉన్నా, మినెసోటాలో ఉన్నా ఇవే వర్తిస్తాయి.

కొత్త స్కేట్స్ వేస్తే నొప్పి రావడం మామూలేనా?

కొంత మామూలే, అంతా మామూలు కాదు. హాకీ స్కేట్ బూట్ పక్కలు చాలా గట్టిగా ఉంటాయి, ఎందుకంటే ఒక సన్నటి అంచు మీద ఒంటి బరువంతా వేసి తోసేటప్పుడు చీలమండ వంగిపోకుండా ఆ బూటే పట్టుకోవాలి, పైగా ఎవరైనా కొట్టిన పక్ (ఆటలో కొట్టే గట్టి రబ్బరు బిళ్ళ) వచ్చి తగిలితే కాలికి దెబ్బ తగలకుండా కాయాలి. అంత గట్టి వస్తువు మన పాదం ఆకారానికి రావాలంటే టైమ్ పడుతుంది. కొత్త తోలు చెప్పు కొన్నాళ్ళు కరిచి తర్వాత లొంగినట్టే ఇదీ లొంగుతుంది, కాకపోతే చెప్పంత తొందరగా కాదు.

మామూలు నొప్పి ఎలా ఉంటుందంటే, పాదమంతా బిగుతుగా అనిపిస్తుంది, ఐస్ మీద కాసేపయ్యాక అరికాలు, పిక్కలు అలిసిపోతాయి, బూట్లు విప్పిన కొన్ని నిమిషాల్లో హాయిగా అయిపోతుంది, వారం వారం తగ్గుతూ వస్తుంది. మామూలు కానిది ఇంకోలా ఉంటుంది: వేలు పెట్టి "సరిగ్గా ఇక్కడ" అని చూపించగలరు, వేసుకున్న మొదటి నిమిషం నుంచే సూదిలా గుచ్చుతుంది, విప్పాక ఎర్రటి మచ్చ మర్నాటికీ పోదు, లేదా వేళ్ళు మొద్దుబారిపోతాయి. ఈ రెండో రకాన్ని ఓర్చుకోవద్దు. ఓర్చుకుంటే అదే సర్దుకుంటుందని చాలామంది చెప్తారు, నాకు ఆ మాట అస్సలు నచ్చదు, ముఖ్యంగా పిల్లలకి చెప్పినప్పుడు. సైజు తప్పు అయితే ఎన్ని నెలలు వేసినా అది సర్దుకోదు.

కాబట్టి ఎవరు అడిగినా నేను ముందు అడిగేవి రెండే: ఎక్కడ నొప్పి? ఎప్పుడు మొదలవుతుంది? ఆ రెండూ చెప్తే కారణం చాలావరకు దొరికిపోతుంది.

అలవాటు పడటానికి ఎన్నాళ్ళు పడుతుంది?

బూటుని బట్టి, ఎంత తరచుగా ఆడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. షాపులో వేడి చేసి మీ పాదం ఆకారానికి మౌల్డ్ చేయించుకున్నవైతే కొన్ని సెషన్లలోనే దారికొస్తాయి. లేకపోతే ఇంకొంచెం ఎక్కువ. మరీ ఖరీదైన మోడల్స్ ఇంకా గట్టిగా ఉంటాయి, అవి వారానికి నాలుగైదు సార్లు ఆడే వాళ్ళ కోసం చేసినవి, వారానికి ఒక్కసారి వెళ్ళే బిగినర్ వాటిని కొంటే డబ్బూ పోతుంది, కాలూ నొప్పెడుతుంది. మధ్య రేంజ్ బూటు చాలా మందికి సరిపోతుంది, ఇది నేను గట్టిగానే చెప్తా.

ఇంట్లో చెయ్యగలిగింది ఒకటుంది. సాయంత్రం టీవీ చూసేటప్పుడు, బ్లేడ్లకి గార్డ్స్, అంటే తొడుగులు పెట్టుకుని, లేసులు సరిగ్గా కట్టుకుని ఓ అరగంట కూర్చోండి. కాలి వేడికి లోపలి ఫోమ్ కొంచెం కొంచెం సర్దుకుంటుంది. నడవకండి, ఊరికే కూర్చుని మోకాళ్ళు ముందుకు వంచుతూ ఉండండి చాలు. మొదటి రోజే ఐస్ మీద గంటన్నర ఉండొద్దు, పావుగంట, ఇరవై నిమిషాలకి ఓసారి బయటకొచ్చి లేసు వదులు చేసి మళ్ళీ కట్టుకోండి.

నా షూ సైజ్ 9, స్కేట్ కూడా 9 తీసుకోవాలా?

వద్దు. ఎక్కువ మంది పడే ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. హాకీ స్కేట్ సైజు మామూలు షూ సైజు కన్నా దాదాపు 1 నుంచి 1.5 తక్కువ ఉంటుంది. అంటే స్నీకర్ 9 వేసేవాళ్ళకి స్కేట్ 7.5 గానీ 8 గానీ వస్తుంది. ఇది అమెరికా సైజుల లెక్క, ఇండియాలో కొన్న బూట్ల మీద ఉండే నంబర్ యూకే సైజు కావచ్చు, దాన్ని పట్టుకుని లెక్కేస్తే తేడా వచ్చేస్తుంది, పాదం కొలిపించుకోవడమే మంచిది. కంపెనీకీ కంపెనీకీ కూడా తేడా ఉంటుంది.

పెద్ద సైజు కొంటే నొప్పి తగ్గుతుందనుకుంటారు గానీ జరిగేది తలకిందులు. బూటు పెద్దదైతే మడమ లోపల పైకీ కిందకీ ఆడుతుంది, బొబ్బలొస్తాయి. ఆడకుండా ఉండాలని లేసు ఇంకా బిగిస్తాం, పాదం పైభాగం నలుగుతుంది. కాలు జారకుండా మనకి తెలియకుండానే వేళ్ళు ముడిచి బూటు అడుగుని పట్టుకుంటాం, దాంతో అరికాలు పట్టేస్తుంది. ఇన్ని నొప్పులకి మూలం ఆ ఒక్క సైజే.

సరిపోయిందో లేదో ఇంట్లో ఎలా చూస్కోవాలి?

పలచటి సాక్స్ వేసి, మడమని వెనక్కి తన్నిపెట్టి, లేసు కట్టి నిలబడండి. నిటారుగా నిలబడితే వేళ్ళ చివర్లు ముందున్న గట్టి క్యాప్‌కి ఈకలా తగలాలి. మోకాళ్ళు వంచి స్కేటింగ్ చేసే భంగిమలో ఉంటే మడమ వెనక్కి కూర్చుని వేళ్ళు కొంచెం వెనక్కి రావాలి. వంచినా వేళ్ళు మడిచే ఉన్నాయంటే చిన్నది. అసలు తగలట్లేదంటే పెద్దది.

మడమ వెనక గ్యాప్ చూడ్డానికి, లేసు విప్పి కాలు పూర్తిగా ముందుకి జరిపి, వెనక ఒక వేలు పెట్టి చూడండి. వేలు సులువుగా దూరి ఇంకా ఖాళీ ఉందంటే బూటు పొడవెక్కువ.

మూడోది పెన్సిల్ టెస్ట్, దీన్ని చాలామంది పట్టించుకోరు. కాలు లోపల పెట్టి లేసు కట్టకుండా టంగ్ (లేసు కింద పాదం మీద ఉండే నాలుక లాంటి ముక్క) ముందుకి లాగండి. పై నుంచి మూడో జత లేసు కన్నాల మీద ఒక పెన్సిల్ అడ్డంగా పెట్టండి. పెన్సిల్ రెండు పక్కలా అంచుల మీద ఆనితే బూటు లోతు సరిపోయినట్టు. పాదానికి తగిలి అటూ ఇటూ ఊగుతోందంటే మీ పాదం ఎత్తుకి ఆ బూటు చాలదు. ఎంత అలవాటు పడినా అది మారదు, ఎక్కువ లోతున్న మోడల్ చూస్కోవాలి.

మన వాళ్ళ పాదాలు వెడల్పు అంటారు, నిజమా?

మనవాళ్ళంతా అలాగే ఉంటారని చెప్పలేం గానీ, చిన్నప్పుడు చెప్పులు లేకుండా తిరిగిన వాళ్ళకి పాదం ముందుభాగం విచ్చుకుని వెడల్పుగా ఉండే అవకాశం ఎక్కువ. ఇండియాలో చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళ మీదే చేసిన ఒక పరిశోధన 2009లో వచ్చింది, అందులో కూడా వాళ్ళ పాదాలు వెడల్పుగా ఉన్నాయనే తేలింది. ఊళ్ళో పెరిగి ముప్పై దాటాక ఇక్కడ స్కేట్స్ కొనే నాన్నలు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడే పుట్టి షూస్‌లోనే పెరిగిన మీ అబ్బాయి పాదం మీ పాదంలా ఉండాలని లేదు.

వెడల్పుకి వేరే సైజులుంటాయి. పాత పద్ధతిలో డి అంటే మామూలు, ఈఈ అంటే వెడల్పు. ఇప్పుడు స్కేట్స్ చేసే కంపెనీల్లో బావర్ వాళ్ళు ఫిట్ 1, ఫిట్ 2, ఫిట్ 3 అని పెట్టారు, 1 సన్నం, 3 వెడల్పు, లోతు కూడా ఎక్కువ. సీసీఎం వాళ్ళకి టేపర్డ్, రెగ్యులర్, వైడ్ అని ఉంటాయి. వెడల్పు చాలట్లేదని పొడవు ఎక్కువున్న సైజుకి వెళ్ళడం మాత్రం చెయ్యకండి, అదే పొడవులో వెడల్పు మోడల్ అడగండి. పెద్ద హాకీ షాపుల్లో పాదాన్ని 3డి స్కాన్ చేసే మెషీన్లు ఉంటున్నాయి, అది ఏ ఫిట్ పడుతుందో చూపిస్తుంది, కానీ స్క్రీన్ చెప్పింది విని కొనెయ్యకుండా వేసుకుని పది నిమిషాలు కూర్చుని చూడండి.

ఐస్ మీదకి వెళ్ళిన పది నిమిషాలకే అరికాలు పట్టేస్తోంది, ఎందుకు?

అన్నిటికన్నా ఎక్కువ మంది అడిగేది ఇదే, కొత్తగా నేర్చుకునేవాళ్ళల్లో దాదాపు ప్రతి ఒక్కరికీ వస్తుంది. కారణాలు చాలా ఉంటాయి, ఒక్కటే ఉండకపోవచ్చు.

మొదటిది, మీ పాదంలో చిన్న చిన్న కండరాలు ఇంతవరకు ఈ పని ఎప్పుడూ చెయ్యలేదు. సన్నటి బ్లేడ్ మీద బ్యాలెన్స్ చెయ్యడం వాటికి కొత్త. ఇది కొన్ని వారాల్లో తగ్గుతుంది, దీనికి మందేం లేదు, వెళ్తూ ఉండటమే.

రెండోది భయం. పడిపోతామనే భయంతో వేళ్ళు ముడుస్తాం, పక్షి కొమ్మని పట్టుకున్నట్టు, అలా గంటసేపు పట్టుకుంటే ఎవరికైనా పట్టేస్తుంది. స్కేటింగ్ చేస్తున్నప్పుడు మధ్య మధ్యలో గుర్తు చేసుకుని బూటు లోపల వేళ్ళు కదపండి. కదపగలిగితే వదులుగా ఉన్నట్టు. మోకాళ్ళు ఇంకొంచెం వంచండి, నిటారుగా నిలబడితేనే బరువు అటూ ఇటూ పోయి పాదం బిగుసుకుంటుంది.

మూడోది లేసు. పాదం మధ్యభాగం మీద లేసుని ఊపిరాడకుండా బిగిస్తే రక్తం సరిగ్గా ఆడదు, కండరం కదలదు, పట్టేస్తుంది. ఇది చాలా మందిలో ఉంటుంది, కింద లేసు గురించి రాశా చూడండి.

నాలుగోది బూటు లోపలి ఆకారం. కొత్త స్కేట్‌తో వచ్చే ఇన్‌సోల్ (బూటు లోపల పాదం కింద ఉండే పొర) పలచటి ముక్క మాత్రమే, చాలా మోడల్స్‌లో ఆర్చ్‌కి అంటే అరికాలి మధ్య వంపుకి ఆధారం ఏమీ ఉండదు. చదును పాదం ఉన్నవాళ్ళకీ, ఆర్చ్ మరీ ఎత్తుగా ఉన్నవాళ్ళకీ ఇద్దరికీ ఇది ఇబ్బందే.

ఐదోది బూటు పెద్దది కావడం, అది ముందే చెప్పా.

వరస ఏంటంటే, ముందు డబ్బు ఖర్చు లేనివి చూడండి. లేసు మార్చి కట్టండి, వేళ్ళు వదులు చెయ్యండి, రెండు మూడు వారాలు చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఇన్‌సోల్. దానికీ లొంగకపోతే సైజు, ఫిట్ మళ్ళీ చూపించుకోండి. ఐస్ మీదకి వెళ్ళేముందు గోల్ఫ్ బంతి గానీ టెన్నిస్ బంతి గానీ అరికాలి కింద పెట్టి కాసేపు దొర్లిస్తే, పిక్కలు సాగదీస్తే కూడా బాగా తేడా కనిపిస్తుంది.

లేసు ఎలా కట్టాలి?

కింద నుంచి పై దాకా ఒకే బిగుతులో లాగి కట్టడం అందరూ చేసేదే, అక్కడే తేడా వస్తుంది. పాదం అంతా ఒకే రకం కాదు, బిగుతు కూడా ఒకేలా ఉండకూడదు.

కాలు పెట్టగానే మడమని నేల మీద వెనక్కి రెండు మూడు సార్లు తన్నండి, మడమ వెనక గూట్లో కూర్చోవాలి. బ్లేడ్ గార్డ్ ఉంచుకుని తన్నండి. టంగ్ మధ్యలోకి ఉందో చూడండి. వేళ్ళ దగ్గర మొదటి రెండు మూడు కన్నాలు వదులుగా, అంటే లేసులో సందు లేకుండా ఉంటే చాలు, లాగక్కర్లేదు. పాదం మధ్యలో ఓ మోస్తరుగా, సుఖంగా ఉండేట్టు. తర్వాత చీలమండ వంగే చోట, అక్కడ బాగా లాగండి, మడమని వెనక్కి పట్టి ఉంచేది ఆ రెండు కన్నాలే. ఆ పైన మళ్ళీ కొంచెం తగ్గించండి, మోకాలు ముందుకి వంగేట్టు ఉండాలి. కట్టేటప్పుడు మోకాలు వంచి కూర్చోండి, కాలు చాచి కడితే లేచి వంగినప్పుడు బిగుసుకుపోతుంది.

మైనం పూసిన లేసులు దొరుకుతాయి, లాగిన చోట జారకుండా ఉంటాయి, ఇలా చోటుకో బిగుతు కట్టడానికి బాగా పనికొస్తాయి. చిన్న పిల్లలకి మాత్రం మీరే కట్టేవాళ్ళైతే మామూలు లేసే సులువు. మీ చేతుల బలంతో వాడి చిన్న పాదాన్ని ఎంత బిగిస్తున్నారో మీకు తెలియదు, వాడిని అడుగుతూ కట్టండి నాన్నా సరిపోయిందా అని.

చీలమండ ముందు వైపు, లేసు ముడి దగ్గర మంట. ముట్టుకుంటే నొప్పి. ఏంటది?

దాన్ని హాకీ ఆడేవాళ్ళు లేస్ బైట్ అంటారు. పాదాన్ని పైకెత్తే స్నాయువులు అక్కడ చర్మం కిందే ఉంటాయి, వాటి మీద గట్టి టంగ్, బిగుతు లేసు పదే పదే ఒత్తితే వాపొస్తుంది. కొత్త బూటు గట్టిగా ఉన్నప్పుడూ వస్తుంది, పాతదై టంగ్ ఫోమ్ అణిగిపోయినప్పుడూ వస్తుంది.

ముందు పై కన్నం ఒకటి వదిలేసి కట్టి చూడండి. నొప్పి ఉన్న చోట సరిగ్గా లేసు దాటకుండా ఆ ఒక్క కన్నాన్ని వదిలి పైదానికి వెళ్ళొచ్చు. చీలమండకి వేసుకునే జెల్ ప్యాడ్, జెల్ స్లీవ్ హాకీ షాపులో దొరుకుతాయి, చాలా ఉపయోగం. ఆడాక సాక్స్ మీదుగా ఐస్ ప్యాక్ పదిహేను నిమిషాలు. వాపు తగ్గేదాకా కొన్ని రోజులు ఆట మానెయ్యాల్సి వస్తే మానెయ్యండి, ఇది లాగిస్తే వారాలు పట్టే సంగతి. కొన్ని స్కేట్స్‌లో టంగ్ మార్చుకోవచ్చు, మందమైనది వేయించుకోవచ్చు.

మడమ వెనక బుడిపె లేస్తోంది, భయంగా ఉంది.

మడమ వెనక గట్టి బూటు రాసుకుని రాసుకుని అక్కడ ఎముక, దాని మీది మెత్తటి సంచి ఉబ్బడం వల్ల వచ్చేది. డాక్టర్లు హగ్లండ్ అంటారు, హాకీ వాళ్ళు బావర్ బంప్ అని కూడా అంటారు, అంత మందికి ఉంటుంది. ఏ కంపెనీ బూటుతోనైనా వస్తుంది లెండి. మడమ పైకీ కిందకీ జారుతుంటే ఎక్కువ, అందుకే మడమ కుదురుగా కూర్చునేలా కట్టడం ముఖ్యం. షాపులో ఆ చోట బూటుని బయటికి ఉబ్బించి ఇస్తారు. అక్కడ జెల్ ప్యాడ్ పెట్టుకుంటే ఒత్తిడి తగ్గుతుంది. ఎర్రగా వేడిగా వాచి ఉంటే ఆడకండి.

పిల్లల విషయంలో ఇంకోటి. 8 నుంచి 14 ఏళ్ళ మధ్య పిల్లలకి మడమ ఎముక ఎదిగే చోట నొప్పి రావడం మామూలే, పరిగెత్తే ఆటలు ఆడేవాళ్ళకి ఇంకా ఎక్కువ. స్కేట్స్ విప్పాక, స్కూల్లో పరిగెత్తినప్పుడు కూడా మడమ నొప్పి అంటే అది బూటు తప్పు కాకపోవచ్చు, పిల్లల డాక్టర్‌కి చూపించండి.

చీలమండ పక్క ఎముక రాసుకుని పుండు పడుతోంది. పంచింగ్ చేయించమన్నారు, అదేంటి?

మంచి సలహా ఇచ్చారు. పంచింగ్ అంటే ఆ ఒక్క చోట బూటుని వేడి చేసి పనిముట్టుతో లోపలి నుంచి బయటికి నొక్కి కాస్త జాగా చెయ్యడం. చీలమండ ఎముకలు, బొటనవేలి పక్క ఎముక, చిటికెన వేలి వైపు, పాదం లోపలి పక్కన పొడుచుకొచ్చిన ఎముక, వీటన్నిటికీ పనిచేస్తుంది. వెళ్ళేముందు నొప్పి ఉన్న చోట చర్మం మీద లిప్‌స్టిక్‌తో చుక్క పెట్టుకుని కాలు బూట్లో పెట్టి తీస్తే లోపల సరిగ్గా ఆ చోట మచ్చ పడుతుంది, షాపు వాళ్ళకి ఎక్కడ నొక్కాలో తెలిసిపోతుంది. మొత్తం పాదం నలుగుతుంటే మాత్రం దీనితో పని జరగదు, ఫిట్ మార్చాలి.

స్కేట్ బేకింగ్ అంటే ఏంటి? ఇంట్లో ఓవెన్లో పెట్టొచ్చా?

బూటుని 80, 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని నిమిషాలు వేడి చేస్తే మెత్తబడుతుంది, ఆ వేడి మీద వేసుకుని లేసు కట్టి కూర్చుంటే చల్లారేసరికి మీ పాదం ఆకారం పట్టుకుంటుంది. కొత్తవి కొన్నచోట చాలామంది ఊరికే చేసిస్తారు, అడగండి. బూటు ఏ మోడల్ అయితే ఎన్ని నిమిషాలు, ఎంత వేడి అన్నది కంపెనీ చెప్తుంది.

చల్లారడానికి పట్టే ఆ పది, పదిహేను నిమిషాలూ కూర్చునే ఉండాలి, లేచి నిలబడినా నడిచినా మెత్తటి బూటు వంకరపోతుంది. లేసుని పైకి కాకుండా పక్కలకి లాగి కట్టాలి, లేకపోతే మెత్తబడ్డ కన్నాలు ఊడి రావచ్చు. తర్వాత ఒక రోజంతా, 24 గంటలు ఐస్ మీద వెయ్యకూడదు.

ఇంట్లో వంట ఓవెన్ వద్దు. అది చూపించే వేడి ఒకటి, లోపల మూలల్లో ఉండే వేడి ఒకటి, కాయిల్ దగ్గర బూటు జిగురు ఊడిపోతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది, వందల డాలర్ల బూటు పోతుంది. హెయిర్ డ్రయ్యర్ కూడా ఒకే చోట కొట్టొద్దు. ఒకటి మర్చిపోకండి, బేకింగ్ వల్ల చిన్న బూటు పెద్దది కాదు. బాగా చవక మోడల్స్ కొన్ని వేడికి లొంగేలా చెయ్యరు, కొనే ముందే కనుక్కోండి.

మందం సాక్స్ వేస్తే మెత్తగా ఉండదా?

ఉండదు. మందం సాక్స్ ముడతలు పడి బొబ్బలొస్తాయి, బూట్లో జాగా తినేస్తుంది, చెమట పట్టి తడిస్తే ఇంకా చల్లబడతాయి. పలచటి, ఒంటికి అతుక్కుని ఉండే, చెమటని బయటికి లాగేసే సాక్స్ ఒక్క జత చాలు. నూలు వద్దు. బూటు కొనేటప్పుడు కూడా ఆ సాక్సే వేసుకెళ్ళండి. బాబీ ఓర్ లాంటి గొప్ప ఆటగాడు సాక్స్ లేకుండానే ఆడేవాడు, బూటు అంత దగ్గరగా ఉండాలని ఆయన కోరుకున్నాడు. మనం అంతదాకా వెళ్ళక్కర్లేదు.

వేళ్ళు తిమ్మిరెక్కి మొద్దుబారుతున్నాయి, చలి వల్లనా?

చలి ఒక కారణం, కానీ ముందు లేసు చూడండి. పాదం మీద నరాలు, రక్తనాళాలు బిగుతు లేసు కింద నలిగితే వేళ్ళు మొద్దుబారతాయి, వేడి కూడా అందదు. లేసు వదులు చేస్తే ఐదు నిమిషాల్లో తగ్గితే అదే కారణం. పెన్సిల్ టెస్ట్‌లో తప్పిన బూటుకీ ఇదే వస్తుంది. మూడో వేలు, నాలుగో వేలు మధ్య కరెంట్ కొట్టినట్టు గానీ, కింద గులకరాయి ఉన్నట్టు గానీ అనిపిస్తూ ఉంటే నరం వాపు కావచ్చు, డాక్టర్‌కి చూపించండి.

ఇన్‌సోల్ మారిస్తే నిజంగా తేడా ఉంటుందా?

ఆర్చ్ నొప్పి ఉన్నవాళ్ళకి చాలాసార్లు ఉంటుంది. సూపర్‌ఫీట్ లాంటి కంపెనీలు స్కేట్స్ కోసమే చేస్తాయి, షూ ఇన్‌సోల్ పెట్టకండి, మందం ఎక్కువై పాదం పైకి లేస్తుంది, మడమ పట్టు పోతుంది. పాతది తీసేసి దాని కొలతకి కత్తిరించి పెట్టాలి, పాతదాని మీద పెట్టొద్దు. మొదటి రెండు సార్లు ఇదీ కొత్తగా ఒత్తుకున్నట్టు అనిపిస్తుంది. డాక్టర్ రాసిచ్చిన ఆర్థోటిక్ (పాదం కొలతకి చేసిన ప్రత్యేక ఇన్‌సోల్) వాడేవాళ్ళు దాన్ని తీసుకెళ్ళి అది పెట్టే బూటు ఫిట్ చూస్కోండి.

నా చీలమండలు లోపలికి వాలిపోతున్నాయి, బలం లేకనా?

అందరూ బలం మీదకే తోసేస్తారు. ముందు బ్లేడ్ చూడండి. కొత్త స్కేట్స్ బ్లేడ్లు పదును పెట్టకుండానే వస్తాయి చాలాసార్లు, పెట్టించాలి. పెట్టేటప్పుడు రెండు అంచులూ ఒకే ఎత్తులో లేకపోతే కాలు ఒక పక్కకి వాలుతుంది, దాన్ని సరిచెయ్యడానికి పాదం గంటంతా పోరాడుతుంది, నొప్పి వస్తుంది. బ్లేడ్‌కి అడ్డంగా ఒక నాణెం పెట్టి కంటి ఎత్తులో చూస్తే అది వాలిందో లేదో తెలుస్తుంది. మళ్ళీ పెట్టించుకోండి, మొహమాటపడకండి.

పదును లోతు, అంటే బ్లేడ్ అడుగున రెండు అంచుల మధ్య గాడి ఎంత ఉండాలని కూడా అడుగుతారు. చాలామందికి 1/2 అంగుళం ఇస్తారు, ఆ అంకె గాడి వంపు వ్యాసార్థం, అది పెరిగేకొద్దీ గాడి లోతు తగ్గుతుంది. 5/8 అయితే లోతు తక్కువ, ఐస్ మీద జారడం సులువు, కాళ్ళు తక్కువ అలుస్తాయి, బరువున్న పెద్దవాళ్ళు అది అడిగి చూడొచ్చు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా వాలుతుంటే అప్పుడు బూటు పెద్దదా, వెడల్పా చూడండి. ఆ తర్వాతే బలం. ఒంటికాలి మీద నిలబడి పళ్ళు తోముకోవడం రోజూ చేస్తే పాదానికి మంచి కసరత్తు.

పిల్లలు ఎదుగుతున్నారు కదా, రెండు సైజులు పెద్దది కొనొచ్చా?

మనందరికీ చిన్నప్పుడు యూనిఫామ్ పెద్దదే కుట్టించారు, ఆ ఆలోచన అర్థమవుతుంది. కానీ స్కేట్స్‌లో అర సైజు మించి జాగా ఇవ్వకండి. పెద్ద బూట్లో పిల్లాడు చీలమండ మీద నిలబడలేడు, నొప్పి పుడుతుంది, ఆట ఇష్టం పోతుంది, వాడు "నాకు రాదు" అనుకుంటాడు, అది నాకు చాలా బాధేస్తుంది. దానికంటే సెకండ్ హ్యాండ్ కొనండి. పిల్లల స్కేట్స్ ఒక సీజన్ మాత్రమే వాడినవి బాగా దొరుకుతాయి. చూసుకోవాల్సినవి: చీలమండ దగ్గర చేత్తో నొక్కితే మెత్తగా వంగిపోకూడదు, బ్లేడ్‌లో స్టీల్ మిగిలి ఉండాలి, బూటు ఒక పక్కకి ఒరిగి ఉండకూడదు. ఇంకోళ్ళ పాదానికి బాగా మౌల్డ్ అయినది మీ పిల్లాడికి గుచ్చుకోవచ్చు, మళ్ళీ బేక్ చేయిస్తే కొంత సర్దుకుంటుంది. ప్రతి రెండు మూడు నెలలకి వేళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూడండి, పిల్లలు తమంతట తాము చెప్పరు.

బొబ్బ వచ్చింది, చిదమాలా?

చిదమకండి. పైన చర్మమే కట్టు. బొబ్బల కోసం ఉండే జెల్ ప్లాస్టర్ వేసి రెండు మూడు రోజులు ఆగండి. పగిలితే సబ్బు నీళ్ళతో కడిగి కట్టండి. ఎర్రబారే చోటు ముందే తెలుస్తుంది కాబట్టి ఆడే ముందే అక్కడ టేప్ గానీ మోల్‌స్కిన్ (చర్మానికి అంటించే మెత్తటి గుడ్డ పట్టీ) గానీ వేసేయండి. ఆడాక స్కేట్స్ బ్యాగ్‌లో మూసి పెట్టకుండా ఇన్‌సోల్ బయటికి తీసి ఆరబెట్టండి, తడి బూటే చర్మాన్ని ఎక్కువ కోస్తుంది. టెక్సస్ ఎండలో కారు డిక్కీలో మాత్రం వదిలేయకండి, వేడికి జిగురు దెబ్బతింటుంది.

నాకు షుగర్ ఉంది, ఆడొచ్చా?

మీ డాక్టర్‌ని అడిగి ఆడండి, ఆడేవాళ్ళు చాలామంది ఉన్నారు. కాకపోతే ఈ పేజీలో మిగతా వాళ్ళకి చెప్పినది మీకు సరిపోదు, ఎందుకంటే షుగర్ వల్ల పాదంలో స్పర్శ తగ్గి ఉంటే నొప్పే తెలియదు, నొప్పి లేదంటే ఫిట్ బాగుందని కాదు. మొదట్లో పావుగంటకి ఓసారి సాక్స్ విప్పి రెండు పాదాలూ, వేళ్ళ మధ్యలూ, మడమ వెనకా కళ్ళతో చూడండి, కింద చూడ్డానికి ఫోన్ కెమెరా పెట్టుకోండి. చిన్న ఎరుపు కనిపించినా ఆ రోజుకి ఆపెయ్యండి. పుండు పడితే ఇంటి వైద్యం వద్దు, అదే రోజు ఫోన్ చెయ్యండి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి?

బూటు విప్పి రెండు వారాలు ఆగినా నొప్పి తగ్గకపోతే, మామూలు నడకలో కూడా కుంటుతుంటే, ఒక ఎముక మీద వేలు పెడితే ఎగిరిపడేంత నొప్పి ఉంటే, వాపు వేడిగా ఉంటే, మొద్దుబారడం విప్పాక గంటల తరబడి పోకపోతే. పాదాల డాక్టర్‌ని ఇక్కడ పోడియాట్రిస్ట్ అంటారు, స్పోర్ట్స్ మెడిసిన్ వాళ్ళకీ చూపించొచ్చు. వెళ్ళేటప్పుడు స్కేట్స్ వెంట తీసుకెళ్ళండి, ఇన్‌సోల్ కూడా లోపలే ఉంచి, ఎక్కడ ఒత్తుతోందో వాళ్ళు బూటు లోపల చెయ్యి పెట్టి చూస్తేనే తెలుస్తుంది.